గ్రాస క్షామము - ప్రభుత్వ సహాయము

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో వానలు లేని సంవత్సరము రైతును రెండు పర్యాయములు దెబ్బ తీయును. మొదటి దెబ్బ పైరు మీద. అది శ్రావణ భాద్రపదములలోనే కంటికి కనబడును. అధికారులు వచ్చి చూతురు, పత్రికలు వ్రాయును. రెండవ దెబ్బ పశువు మీద. మాఘ ఫాల్గుణములు వచ్చి, కళ్లము ప్రక్కనున్న వామి తరిగి, గుట్ట మీది గడ్డి మొదలంట ఎండిన పిదప గాని అది తెలియదు. అప్పటికి చూడవచ్చినవారు తిరిగి వెళ్లియుందురు. ఈ రెండవ దెబ్బకు ప్రభుత్వము ఏమి యిచ్చుచున్నది, ఏ లెక్కన ఇచ్చుచున్నది, అది ఎవరికి అందుచున్నది, ఎవరికి అందకున్నది అనునవి తెలిసికొనుట పశువులు గల ప్రతి కుటుంబమునకు అవసరము.

ఈ సీమ 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లాగా ఏర్పడినది. అంతకు పూర్వము ఇది అనంతపురము జిల్లాకు దక్షిణ భాగము. నైరృతి ఋతుపవనము పడమటి కనుమల వద్దనే తన బరువు దింపుకొని ఇచటికి రిక్తహస్తములతో వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరముననే అలసిపోవును. ఉమ్మడి అనంతపురము జిల్లా సాలుసరి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును ఏ నాలుగు దినములలోనో కురిసి పోవుట కద్దు. పెన్నా, జయమంగళి, చిత్రావతి పేరునకు నదులే గాని, సంవత్సరములో అధిక భాగము వానిలో చూడదగినది ఇసుకయే.

ఇట్టి నేలలో పూర్వము కొఱ్ఱ, సజ్జ, జొన్న ప్రధానముగా వేసెడివారు. గింజ మనిషికి, చొప్ప పశువునకు. వేరుశనగ వచ్చి ఆ చేల నాక్రమించిన తరువాత పశువు ఆహారము గూడ ఆ ఒక్క పైరునే అంటిపెట్టుకొన్నది. కాయలు దూసిన పిదప మిగిలెడి వేరుశనగ కట్టె మంచి మేత. మాంసకృత్తులలో వరిగడ్డికంటె ఎంతో మేలు. కాని చిక్కంతయు అచటనే యున్నది. ఊడ దిగు సమయమున వాన తప్పినచో కాయయు పోవును, కట్టెయు పోవును. చేనిలో పంట పోయిన రైతు ఇంటిలో మేత పోయిన రైతుగా మారుటకు నాలుగు నెలలు చాలును. పంటల బీమా వర్షపాతమునో కాయ దిగుబడినో చూచును గాని, కట్టె ఎన్ని బండ్లు తగ్గినదని ఎవరును అడుగరు.

కరువులో పశువును గూర్చి సర్కారు ఆలోచించుట నేటి మాట కాదు. ధాత, ఈశ్వర సంవత్సరములలో, అనగా 1876-78 మధ్య, మద్రాసు రాజధానిని పీడించిన మహాక్షామము నాటికి ఈ ప్రాంతము బళ్లారి జిల్లాలో చేరియుండెను. అనంతపురము ప్రత్యేక జిల్లా అయినది 1882లో. ఆ క్షామమునందు మనుష్యులతో పాటు పశువులును పెద్ద సంఖ్యలో నశించినవి. వానలు వచ్చిన తరువాత దున్నుటకు ఎడ్లు లేక భూములు బీడువడినవి. ఆ మీదట క్షామ కమీషను నివేదిక 1880లో వెలువడినది. రాజధానులలో క్షామ నిబంధనలు రూపొందినవి. రక్షిత అడవులను మేతకు తెరచుట, రైతులకు తక్కావీ ఋణములు ఇచ్చుట వాడుకలోనికి వచ్చినవి. 1884 నాటి వ్యవసాయదారుల ఋణముల చట్టము విత్తనములు, పశువులు కొనుటకు అప్పు ఇచ్చు వీలు కల్పించినది. అది అప్పే గాని దానము కాదు, తీర్చవలసినదే. అయినను అచటనొక సంగతి గమనింపదగి యున్నది. ఆనాటి దొరతనము పశువును బ్రదికించుటకంటె, చచ్చిన పశువునకు బదులు మరియొకటి కొనుటకే ఎక్కువ వీలు చూపినది. ఆ ధోరణి నేటికిని పూర్తిగా తొలగలేదని ముందు చెప్పబోవు అంకెలను బట్టి తేటపడును.

నేటి ఏర్పాటునకు మూలము 2005 నాటి విపత్తుల నిర్వహణ చట్టము. దాని ననుసరించి ప్రతి రాష్ట్రమునకు ఒక విపత్తు స్పందన నిధి కలదు. ఆంధ్రప్రదేశము విషయములో అందు నాలుగింట మూడు పాళ్లు కేంద్రము, ఒక పాలు రాష్ట్రము వేయును. ఆ నిధి నుండి దేనికెంత వ్యయము చేయవచ్చునో కేంద్ర హోం మంత్రిత్వశాఖ ఒక పట్టిక వేసి యిచ్చును. 2022-23 మొదలు 2025-26 వరకు వర్తింపజేసిన పట్టిక ప్రకారము, పశు శిబిరములో ఉంచిన పెద్ద పశువునకు దినమునకు 80 రూపాయలు, గొఱ్ఱె మేకల వంటి చిన్న జీవమునకు 45 రూపాయలు. మేత, దాణా, నీరు, మందులు అన్నియు ఇందులోనివే. అంతకు ముందటి పట్టికలో ఈ మొత్తములు 70, 35 రూపాయలుగా నుండెను. శిబిరము సామాన్యముగా 30 దినములు. అవసరమునుబట్టి 60 దినములు. కరువు తీవ్రమైనచో 90 దినముల వరకు నడుపవచ్చును.

ఈ డబ్బు రైతు చేతికి రాదు. శిబిరము నడుపు వారికి, పశువుల తలలెక్కను బట్టి చేరును. శిబిరము వెలుపల, ఇంటి కొట్టములో కట్టివేసియున్న పశువు మాట యేమి? ఆ పశువుల కొరకు మేతను తరలించుటకైన రవాణా ఖర్చును మాత్రమే పట్టిక ఒప్పుకొనుచున్నది; మేత వెలను కాదు. రాష్ట్ర ప్రభుత్వము తన సొంత పద్దు నుండి రాయితీ మీద దాణా, పాతరగడ్డి, గడ్డి విత్తనములు ఇచ్చిన సంవత్సరములు లేకపోలేదు. కాని అది ఆయా ఏటి బడ్జెటును బట్టి సాగునది. రైతు ముందుగా నమ్ముకొని కూర్చుండదగినది కాదు.

పశువు చనిపోయినచో వేరు లెక్క. పాడి ఆవునకు గాని గేదెకు గాని 37,500 రూపాయలు, ఎద్దునకు 32,000, దూడకు 20,000, గొఱ్ఱెకు లేక మేకకు 4,000. ఒక కుటుంబమునకు పాడి పశువులైనచో మూడింటికి, గొఱ్ఱెలు మేకలైనచో ముప్పదింటికి మించి లెక్కించరు.

ఇపుడు ఈ రెండు లెక్కలను ప్రక్క ప్రక్కన నుంచి చూతము. దినమునకు 80 రూపాయల వంతున 90 దినములు ఒక ఆవును శిబిరములో మేపుటకు అగు వ్యయము 7,200 రూపాయలు. అదే ఆవు చనిపోయినచో ఇచ్చునది 37,500. అనగా బ్రదికించుటకు అగు ఖర్చు చనిపోయిన పిదప ఇచ్చు మొత్తములో ఐదవ వంతునకు లోపే. ఆ 37,500 తో ఆ ఆవును 468 దినములు మేపవచ్చును. అంతలో రెండు వానకాలములు వచ్చి పోగలవు. గొఱ్ఱె విషయములో లెక్క తలక్రిందులగును. 90 దినముల మేతకు 4,050 రూపాయలు, చనిపోయినచో 4,000. సంతలో ఎదిగిన పొట్టేలు వెల దీనికి ఎంతో మించునని హిందూపురము చుట్టుప్రక్కల ఎవరినడిగినను చెప్పుదురు. గొఱ్ఱెను బ్రదికించుట లాభమా, కాదా యని ప్రభుత్వపు కాగితము సందేహించినట్లు కనబడును గాని, కాపరికి ఆ సందేహము లేదు.

శిబిరమువలన మేలు లేదని దీని అర్థము కాదు. మహారాష్ట్రములో 2012-13లోను, 2018-19లోను కరువు వచ్చినపుడు లక్షలాది పశువులు శిబిరములలోనే వేసవిని గడచినవి. కాని శిబిరము ఎట్టి కుటుంబమునకు ఉపకరించునో గూడ చూడవలెను. పశువును తోలుకొని పోయి అచట కట్టివేయవలెను. ఇంటివారిలో ఒకరు రాత్రింబవళ్లు అచటనే యుండి కనిపెట్టుకొని యుండవలెను. మండు వేసవిలో ఒక ఎద్దు దినమునకు ముప్పది నలుబది లీటర్ల నీరు త్రాగును. కావున శిబిరము నీరున్న చోటనే వెలయును, పశువులున్న చోట కాదు. మగవారు బెంగుళూరికి కూలికి వెళ్లి, ఇంట ముసలివారు, ఆడవారు మాత్రమే మిగిలిన కుటుంబము పది మైళ్ల దూరము ఎద్దులను తోలుకొని పోవుట ఎట్లు? అట్టి ఇంటివారు శిబిరము తెరచినారను వార్త వినియు పశువును సంతకే తోలుదురు.

ఆ సంతలో జరుగునది అందరెరిగినదే. అందరును ఒకే వారమున అమ్మవత్తురు. కొనువాడు ఒక్కడే, వాడును కబేళాకు తోలువాడు. జత ఎడ్ల వెల సగమునకు దిగును. గడ్డి మోపు వెల రెట్టింపగును. వానలు పడిన తరువాత అదే రైతు ఎడ్ల కొరకు పోయినచో అమ్ముడుపోయిన వెలకు రెండింతలు పెట్టవలసి వచ్చును. ఆర్థికశాస్త్రవేత్త అమర్త్యసేన్ 1981లో ప్రకటించిన క్షామ గ్రంథమునందు ఇథియోపియా, సహేల్ దేశముల పశుకాపరులను గూర్చి వివరించినది ఈ సంగతియే. పశువులు చచ్చుటవలన నష్టము సగము. బ్రదికియున్న పశువు వెల ధాన్యపు వెలతో పోల్చినపుడు కూలిపోవుటవలన మిగిలిన సగము. ఈ రెండవ సగమునకు మన పట్టికలో గడి లేదు. చచ్చిన ఎద్దునకు పరిహారము కలదు. సగము వెలకు అమ్మిన ఎద్దునకు లేదు.

ఇక కాలము సంగతి. కేంద్ర వ్యవసాయశాఖ 2016లో వెలువరించి తరువాత సవరించిన కరువు నిర్వహణ గ్రంథము ప్రకారము, ఖరీఫ్ కరువును రాష్ట్రము అక్టోబరు 30 లోపల ప్రకటింపవలెను. రబీకి మార్చి 31 గడువు. మొదట వర్షపాతపు లోటు చూతురు. పిదప సాగైన విస్తీర్ణము, ఉపగ్రహము కొలిచిన పచ్చదనము, నేలలోని తేమ, జలాశయములు, భూగర్భజలము వీనిని పరిశీలింతురు. ఆ మీదట పదింట ఒక గ్రామము చొప్పున ఎంచి పొలములకు పోయి పైరు స్థితిని చూతురు. 2023 ఖరీఫునందు ఆంధ్రప్రదేశమున 103 మండలములను, 2024 ఖరీఫునందు 54 మండలములను కరువు మండలములుగా ప్రకటించిరి. రెండు సంవత్సరములును ఈ జిల్లా మండలములు ఆ జాబితాలలో నున్నవి.

ఈ పద్ధతిలో తప్పు వెదకుట సులభము గాదు. పైరును గూర్చియైనచో ఇది మునుపటి అంచనాలకంటె ఎంతో మేలు. కాని కొలుచునదంతయు పైరునే. గుట్ట మీది గడ్డి, చెరువు గర్భములోని పచ్చిక, బీడు, వంక గట్టు, పోరంబోకు వీనిని కొలుచువారు లేరు. ఇవి ఏ రైతు పట్టా పాసుపుస్తకములోను లేవు. పట్టాలో లేని భూమికి నష్టము ఎవరి పేర వ్రాయగలరు? గొఱ్ఱెలు మేకలు మేసెడి మేతలో పెద్ద భాగము ఈ ఎవరికిని చెందని నేలనుండియే వచ్చుచున్నది. ఆంధ్రప్రదేశములో గొఱ్ఱెలకు ప్రసిద్ధి చెందిన సీమ ఇది. అయినను అచటి గడ్డి పోయినపుడు కాగితము మీద ఎవరికిని ఏమియు పోలేదు.

ఈ మాటకు ఉదాహరణము పెనుకొండకు సమీపముననే కలదు. చెన్నేకొత్తపల్లి మండలములో ముష్టికోవెల, దాని చుట్టునున్న గ్రామములవారు 1990 దశకము తొలి సంవత్సరములనుండి టింబక్టు కలెక్టివు అను సంస్థ తోడ్పాటుతో సుమారు 7,000 ఎకరముల బోడి గుట్టలను కాపాడుకొనుచు వచ్చిరి. నిప్పు పడకుండ చూచిరి, కంచెలేకయే కాపలా కాసిరి. దానికి కల్పవల్లి యని పేరు. గుట్టలమీద మరల బోద గడ్డి పెరిగినది, చెట్లు నిలిచినవి, చుట్టుప్రక్కల ఊళ్ల మందలు కరువు నెలలలో గూడ అచటికి పోయి మేయ మొదలిడినవి. కాని రెవెన్యూ దస్త్రములలో ఆ భూమి బంజరే. 2010 తరువాత గాలిమరల కంపెనీ వచ్చి, ఆ గుట్టలమీద స్తంభములు నాటుటకు కొండలను కోసి బాటలు వేసినపుడు, అచట మేసెడి జీవముల మేతకు వెల కట్టు పద్దు ఎచటను కనబడలేదు. గ్రామస్థుల పక్షమున ఆ తగవు హరిత న్యాయస్థానమునకు ఎక్కినది. విద్యుత్తు అవసరము గాదని అనరాదు. బంజరు అను ఒక్క మాట ఎంతటి మేతను కప్పిపుచ్చగలదో తెలియుటకు ఈ ఉదాహరణము చాలును.

గొఱ్ఱెలకాపరికి శిబిరము సరిపడకపోవుటకు మరియొక కారణము గూడ కలదు. వాని మంద కట్టివేయునది కాదు, నడచునది. గుట్టలు ఎండగనే కురుబలు, గొల్లలు మందలను తోలుకొని తుంగభద్ర కాలువల క్రింది పొలములకు, కర్నూలు ప్రాంతమునకు, కన్నడ సీమకు సాగిపోవుదురు. కోత కోసిన మళ్లలో రాత్రులు మంద కట్టి, ఎరువునకు బదులుగా ధాన్యమో డబ్బో పుచ్చుకొందురు. తమ మేతను తామే వెదకికొను ఈ వ్యవస్థ ఏ శిబిరముకంటెను పురాతనమైనది, చవుకయైనది. కాని వారు బయలుదేరిన నెలలోనే ఊరిలో లెక్కలు వ్రాయుదురు. ఎదుట లేని గొఱ్ఱెను లెక్క వ్రాయు గుమాస్తా చూడలేడు. లేపాక్షి బసవన్న ఒక్కడే ఏ లెక్కకైనను కదలక దొరకును. ఆయనకు మేత అక్కరలేదు.

ఇతర దేశములు ఈ చిక్కును ఎట్లు విప్పజూచినవో చూచుట ఉపయోగకరము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పచ్చిక నష్టమునకే ప్రత్యేకముగా ఒక పథకము కలదు. 2008 నాటి వ్యవసాయ చట్టముతో ఆరంభమై, 2014 చట్టముతో శాశ్వతమైనది. అచట వారము వారము కరువు పటము వెలువడును. ఒక కౌంటీలో మేత కాలమునందు కరువు ఎంత తీవ్రముగా, ఎన్ని వారములు నిలిచినదో ఆ పటమే తేల్చును. దానినిబట్టి నెలసరి మేత ఖర్చులో నూటికి 60 వంతుల చొప్పున, ఒకటి మొదలు ఐదు నెలల వరకు పశువుల యజమానికి నేరుగా సొమ్ము చెల్లింతురు. ఎవరును వచ్చి గడ్డి కొలువనక్కరలేదు. కరువువలన పశువులను అమ్ముకొనినవారికి గూడ, ఆ చెల్లింపులో నూటికి 80 వంతులు వచ్చును. సగము వెలకు అమ్మిన ఎద్దునకు మన పట్టికలో లేని గడి అచట నున్నదన్నమాట. అయితే పచ్చిక భూమి సొంతమై యుండవలెను, లేదా కౌలుకు తీసికొన్నదై యుండవలెను. మన కాపరికి ఆ రెండును లేవు. ఆ పథకమును ఉన్నదున్నట్లు ఇచటికి తెచ్చినచో వాడు మరల వెలుపలనే నిలుచును.

మన పరిస్థితికి దగ్గరగా నున్నది కెన్యా దేశపు ప్రయత్నము. అచటి ఉత్తర భాగమున కాపరులు ఉమ్మడి నేలలోనే మేపుకొందురు; పట్టాలు లేవు. 2010లో మార్సబిత్ అను ప్రాంతమునందు అంతర్జాతీయ పశుపరిశోధన సంస్థ పూనికతో ఒక బీమా ఆరంభమైనది. ఉపగ్రహము ఆ మేత ప్రాంతపు పచ్చదనమును కొలుచును. అది నిర్ణీతమైన మట్టమునకు దిగినంతనే ఆ ప్రాంతములో బీమా చేసినవారందరికి సొమ్ము ముట్టును. ఎవరి గొఱ్ఱె ఎచట నున్నదో చూడరు. 2015లో కెన్యా ప్రభుత్వము తానే ప్రీమియము కట్టి పేద కాపరులకు దీనిని కల్పించినది. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి. మొదట ఈ బీమా చచ్చిన పశువులకు పరిహారముగా ఉద్దేశింపబడినది. తరువాత పద్ధతి మార్చి, పశువు చచ్చుటకు ముందే, మేత తరుగు సమయముననే సొమ్ము అందునట్లు చేసిరి. మన కరువు ప్రకటనకు వాడు ఉపగ్రహ దృష్టియు పచ్చదనమును కొలుచునదే. ఇచట దానిని సాగుభూమి వైపు త్రిప్పియుంచిరి. అచట గడ్డి వైపు త్రిప్పిరి. గుట్టలను, బీళ్లను గూడ అదే కంటితో చూచి ఫిబ్రవరి నెలలో మరియొక పర్యాయము లెక్క వేయుటకు క్రొత్త యంత్రము లేవియు అక్కరలేదు. అక్టోబరుతో పని ముగిసినదను భావమును విడిచిన చాలును.

అట్టి మార్పు వచ్చువరకు ఉన్న ఏర్పాటులో అందవలసినది అందుటకు కొన్ని జాగ్రత్తలు చెప్పుచున్నాము. ఆవులకు, గేదెలకు, ఎడ్లకు చెవిపోగు వేయించి, ఆ పండ్రెండంకెల సంఖ్యను ఇంట వ్రాసి యుంచుకొనవలెను. లెక్కకు అదియే ఆధారము. వేసిన పైరును, గ్రాసపు పైరును గూడ ఈ-పంటలో నమోదు చేయించవలెను. మందతో దేశాంతరము పోవు కాపరులు బయలుదేరుటకు ముందే పశువైద్యశాలలో టీకాలు వేయించి, జీవముల సంఖ్యతో కూడిన కాగితము తీసికొని పోవుట మంచిది. కరువు కాలమున పశువు చనిపోయినచో, పూడ్చుటకు పూర్వమే పశువైద్యునికి కబురు పెట్టి, శవపరీక్ష చేయించి, ధ్రువపత్రము పొందవలెను. పూడ్చిన తరువాత ఎంత మొరపెట్టుకొన్నను పనికిరాదు.

శిబిరము కావలెనన్నచో ఒక్కొక్కరుగా అడుగుటకంటె, ఊరిలో నున్న పశువుల సంఖ్య, వామిలో మిగిలిన మేత ఎన్ని దినములకు వచ్చునో అంచనా, నీటి వసతి గల స్థలము ఈ మూడును వ్రాసి, గ్రామ పక్షమున తహశీల్దారునకు, పశుసంవర్ధకశాఖవారికి పుష్యమాసములోనే అర్జీ పెట్టుకొనవలెను. నాటు ఆవునకు దినమునకు ఆరేడు కిలోల ఎండుమేత, గొఱ్ఱెకు కిలో చొప్పున లెక్క కట్టినచో అంచనాకు చాలును.

కడపట ఒక హెచ్చరిక. మేత లేని దినములలో పశువులు దొరికినదెల్ల తినును. వానలేక గిడసబారిన లేత జొన్నపైరులోను, కోసిన మోళ్లనుండి చినుకు తగిలి మరల చిగిర్చిన జొన్న పిలకలలోను విషముండును. ఆకలిమీదనున్న పశువు వానిని మేసి గడియలలోనే పడిపోవుట కలదు. పూత వచ్చువరకు ఆ చేలలోనికి పశువులను వదలరాదు. కోసి బాగుగ ఎండబెట్టిన పిదపనే పెట్టవలెను.